ఆరు పళ్ల కాగితం

ఆలూరు తాలూకా బళ్లారి జిల్లాను వదిలి కర్నూలు జిల్లాలో కలిసిన మరుసటి ఏడు, దేవరగట్టు జాతర ముగిసిన పది రోజులకు, కట్టెల అడితి వీధిలో చలిజ్వరాలు మొదలైనాయి. సోమక్కకు అప్పుడు తొమ్మిదేండ్లు.

ఆ వీధి ఇప్పుడు ఆమె జ్ఞాపకంలో ఇండ్లుగా లేదు, అంగళ్లుగా ఉంది. పెద్ద ఈరన్న కూతురుగా ఆమెకు ఆ వీధితో ఉన్న సంబంధమంతా ఏదో ఒకటి తేవడానికి పంపబడటమే కాబట్టి అలా మిగిలిందేమో. మొదట అడితి, అక్కడ తండ్రి కట్టెల బండి తోలేవాడు. దాని ఎదురుగా బొజ్జన్న హోటలు. పొద్దున బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ దొరికేవి. మధ్యాహ్నం దాటితే తినేందుకు ఏమీ ఉండేది కాదు, మాటలు మాత్రం ఉండేవి. తరువాత వెంకటేశ్వరమ్మ అంగడి. ఆమెకు మోకాలు వంగేది కాదు. చాచిన కాలును బల్ల మీద పెట్టుకుని, కొస వంచిన ఇనుప కడ్డీతో బెల్లం బుట్ట దగ్గర నుంచి చింతపండు కుండ వరకు కూర్చున్నచోటికే లాక్కునేది. సందు మలుపులో కామెర్లకు ఆకుమందు ఇచ్చే ఒక ముసలి హకీము సాయిబు. వీధి చివర, నీలిరంగు తలుపు ఉన్న రెండు గదుల ఇంట్లో, డాక్టరు అహోబలరావు.

డాక్టరు ముందు గదిలో కూర్చునేవాడు. నాలుక చూసి, నాడి చూసి, చీటీ మీద నాలుగు గీతలు గీసేవాడు. ఆ గీతలకు అర్థం ఊళ్లో ఒక్కడికే తెలుసు. అతడు వెనుక గదిలో, చిన్న కిటికీ అవతల నిలబడి మందులు కలిపే కంపౌండరు జ్ఞానరాజు.

జ్ఞానరాజుది జమ్మలమడుగు. తండ్రి మగ్గం గుంటలోనే దగ్గి దగ్గి పోయాక, తల్లి అతణ్ణి అక్కడి మిషన్ ఆసుపత్రిలో సీసాలు కడగడానికి పెట్టింది. ఆరేండ్లు సీసాలే కడిగాడు. తరువాత తూకాలు, తరువాత కొలతలు, చివరికి కలపడం నేర్చుకున్నాడు. నలభై ఏండ్ల వయసులో ఆలూరు వచ్చేసరికి అతనికి తెలిసిన విద్య అదొక్కటే; ఇంకొకటి తెలియలేదన్న బాధ ఉన్నట్టు కూడా కనిపించేది కాదు. డాక్టరు ఇంటి వెనుక పంచలో ఒంటరిగా వండుకునేవాడు. ఆదివారం పొద్దుటి బస్సుకు ఆదోని వెళ్లి, ప్రార్థన ముగించుకుని సాయంత్రానికి తిరిగి వచ్చేవాడు. పొడుగు మనిషి. ఆ కిటికీ అతనికంటే పొట్టివాడి కోసం పెట్టినది కాబట్టి, ఎవరితో మాట్లాడాలన్నా మెడ వంచేవాడు. కొత్తవాళ్లు దాన్ని వినయమనుకునేవారు.

ఆ దవాఖానాలో సీసా ఇవ్వరు. మందు కావాలంటే ఎవరి సీసా వాళ్లు తెచ్చుకోవాలి. జ్ఞానరాజు ప్రతి సీసానూ ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాడు. కిరసనాయిలు వాసన ఏ కాస్త తగిలినా కిటికీ అవతలికి తోసేవాడు.

"ఏమప్పా, దీంట్లో మందు పోస్తే జరం పోతుందా, దీపం వెలుగుతుందా?"

ఆ కాలంలో గాజు సీసా అంటే ఇంటికి ఒకటో రెండో. ఒకదాంట్లో కిరసనాయిలు, రెండోదాంట్లో ఆముదం. ఈ పరీక్షకు నిలిచే సీసా వీధి మొత్తానికి ఒక్కటే ఉండేది. అది వెంకటేశ్వరమ్మది. ఎప్పుడో బళ్లారి నుంచి పన్నీరు నింపుకుని వచ్చిన బుడ్డి. జానెడు ఎత్తు, సన్నటి ఒళ్లు, బిగుతైన బిరడా. ఎవరికి జ్వరమొచ్చినా ఆమె దాన్ని ఇచ్చేది. రెండే షరతులు: బూడిదతో తోమి తిరిగి ఇవ్వాలి; అడిగినప్పుడు ఇవ్వాలి. రెండో షరతు ఎంత కఠినమైనదో చలిజ్వరాల కాలంలో గానీ తెలిసేది కాదు.

ఇంట్లో ఎవరికి బాగా లేకపోయినా బుడ్డి పట్టుకుని వెళ్లే పని సోమక్కదే. ఆమెకు అది పనిగా తోచేది కాదు. ఇతరులు వచ్చిన రోజుల్లో కూడా కిటికీ దగ్గర నిలబడి చూసేది. జ్ఞానరాజు మందు కలిపి, బుడ్డిలో పోసి, బిరడా పెట్టి, తుడిచేవాడు. తెల్ల కాగితం పట్టీ ఒకటి తీసి బుడ్డి పక్కన ఒక్క క్షణం ఆనించేవాడు. గోటితో నొక్కి, అక్కడికి తుంచి, దాన్ని మడత మీద మడత పెట్టి, కత్తెరతో రెండు మూలలు కత్తిరించేవాడు. మడత విప్పితే రంపంలాగా ఆరు పళ్లు. ఒక పూటకు ఒక పల్లు. మైదా అంటుతో ఆ పట్టీని బుడ్డికి నిలువుగా అంటించి, బొటనవేలితో కింది నుంచి పైకి ఒక్కసారి రాసేవాడు. గాలి బుడగ ఒక్కటి కూడా మిగిలేది కాదు.

సోమక్క ఇంటికి పోయి చింతాకులను అలాగే మడిచి కత్తిరించేది. పాత చీటీలకు పళ్లు కోసేది. జొన్నగంజితో చెంబులకు అంటించేది. ఆ చేతిపని అంతా తనకు వచ్చేసిందని నమ్మింది. పట్టీని బుడ్డికి ఆనించే ఆ ఒక్క క్షణం మాత్రం ఆమె ఆటలో ఎప్పుడూ లేదు. దాన్ని చూడక కాదు, వందసార్లు చూసింది. పూజారి హారతి ఇచ్చేముందు గంటను తాకినట్టు, అది ఆ మనిషి అలవాటు అనుకుంది. చూసినదానిలో ఏది పని, ఏది అలవాటు అన్నది కన్ను చెప్పదు. అది తెలుసుకోవడానికి మనుషులకు సాధారణంగా ఏదో ఒక నష్టం జరగవలసి వస్తుంది.

ఆ ఏడు జ్వరం వాళ్లింట్లో అవ్వను పట్టుకుంది. పెద్ద ఈరన్న తల్లి. డెబ్బై దాటినా నోరు తగ్గని మనిషి. సోమవారం పొద్దున సోమక్క పన్నీరు బుడ్డి తీసుకుని దవాఖానాకు పోయింది.

"కడిగినావా, ఊరికే తెచ్చినావా?" అన్నాడు జ్ఞానరాజు, మెడ వంచి.

"బూడిదేసి కడిగినా సార్."

"ఎన్ని నీళ్లు?"

"మూడు."

అతడు వాసన చూశాడు. "నాలుగోది కూడా పోసింటే ఏం అరిగిపోతాంటివి," అన్నాడు. బుడ్డిని మాత్రం తోసెయ్యలేదు. అతని దగ్గర అంతకంటే పెద్ద మెప్పు ఎవరికీ దొరకలేదు.

క్వినైను కలిసిన చేదు మందు. ఆరు పళ్లు, రోజుకు మూడు పూటలు, రెండు రోజులు. సోమక్క బుడ్డిని రెండు చేతులా పట్టుకుని వెంకటేశ్వరమ్మ అంగడి దాటుతుండగా ఇనుప కడ్డీ బల్ల మీద టంగుమంది.

"మే సోమక్కా! ఆ బుడ్డి ఈ పొద్దే కావల్ల నాకు. హనుమన్న పెండ్లాము మంచం ఊగేటట్ల వణుకుతాంది."

"మా అవ్వ ఇంకా ఒక పూటన్నా తాగలేదు పెద్దమ్మా."

"మీ అవ్వ రెండు దినాలు తాగుతుంది. అంతదాంక ఆయమ్మ వణుకుతా కూచోవల్లనా? మీ ఇంట్లో ఆముదం సీసా ఉండాదే, కడిగి దాంట్లోకి వంచుకో."

"మరి కాగితం?"

"నీళ్లలో నానిస్తే ఊడొస్తుంది, దానికి అంటించుకో. ఎప్పుడు చూసినా ఆ కిటికీ కాడనే నిలబడుకోనుంటావు, ఆ మాత్రం రాదా ఏంది నీకు?"

వచ్చు. ఆ మాట సోమక్కకు మందు చీటీ కంటే గౌరవంగా వినిపించింది.

తల్లి మద్దమ్మ శెనక్కాయలు పీకే కూలికి పోయింది. సోమక్క ఆముదాన్ని చిన్న కుండలోకి వంచి, సీసాను కుంకుడు నురుగుతో, బూడిదతో కడిగింది. ఈసారి నాలుగు నీళ్లు పోసింది. అది పొట్టి సీసా, వెడల్పు సీసా. మందు వంచేటప్పుడు మూతి దగ్గర కొంచెం ఒలికి బండ మీద పడింది. పట్టీని తడిపి, చిరగకుండా ఊడదీసి, గంజి రాసి, కొత్త సీసాకు అడుగు నుంచి నిలువుగా అంటించింది. బొటనవేలితో కింది నుంచి పైకి ఒక్కసారి రాసింది. చాలా బాగా వచ్చింది.

అప్పుడు చూసింది. మందు మూడో పల్లు దగ్గరే ఆగిపోయింది. పైన మూడు పళ్లు ఖాళీ గాజు మీద తెల్లగా నిలబడి ఉన్నాయి.

బండ మీద చూస్తే తడి అరచెయ్యంత ఉంది. అరచెయ్యంత తడిలో మూడు పూటల మందు పోయిందా? తొమ్మిదేండ్ల పిల్లకు భయం లెక్క నేర్పదు. సగం మందు ఒలకబోశానని ఆమె నిశ్చయించుకుంది. చీర పేలికతో బండ తుడిచి, ఎవరికీ చెప్పలేదు.

బుడ్డి వెంకటేశ్వరమ్మకు చేరింది, అక్కడి నుంచి హనుమన్న ఇంటికి పోయింది. మధ్యాహ్నం అవ్వకు సోమక్క ఒక పల్లు ఇచ్చింది. సాయంత్రం తల్లి వచ్చి ఇంకొకటి ఇచ్చింది.

"బుడ్డి ఏమాయనే?"

"పెద్దమ్మ అడిగి తీసుకునింది. ఆముదం సీసాలోకి వంచినా."

"కాగితం అంటించినావా?"

"ఆఁ."

"సరే."

అంతే. ఆ ఇంట్లో గానీ ఆ వీధిలో గానీ ఇంకెవరూ అంతకంటే ఎక్కువ అడిగేవారు కారు. కాగితం ఉంటే కొలత ఉన్నట్టే. అది ఏ సీసా మీద ఉంటే ఏమి?

మంగళవారం పొద్దున మూడో పల్లు పోసేసరికి సీసా అడుగు కనిపించింది. సోమక్క కాగితం తడవకుండా దాన్ని లోపల కడిగి, ఆముదాన్ని మళ్లీ దాంట్లో పోసి, కాగితం గోడవైపు తిరిగేటట్టు గూట్లో పెట్టింది.

మధ్యాహ్నానికి అవ్వ రెండుసార్లు వాంతి చేసుకుంది. లేచి నిలబడబోయి, గోడ పట్టుకుని కూలబడింది.

"మే, ఎవురు ఆ డోళ్లు కొట్టేది? జాతర అయిపోయె గదా!"

"ఎవురూ కొట్టడంల్యా అవ్వా!"

"ఏంది? గట్టిగా సెప్పు! దేవరగట్టు అంతా నా చెవులోనే ఉండాది!"

ఆ సాయంత్రానికి డోళ్లు తప్ప ఆమెకు ఇంకేమీ వినపడలేదు. అడితి నుంచి వచ్చిన పెద్ద ఈరన్న తల్లి ముఖం చూసి, తలగుడ్డ కూడా తియ్యకుండా దవాఖానాకు పోయాడు. బొజ్జన్న హోటలు ముందు కూర్చున్నవాళ్లు ఊరికే ఉండలేక వెంట పోయారు.

"ఏమప్పా కంపౌండరూ! ఏం కలిపి ఇస్తివి మా యమ్మకి? మనిసి చెవుడుపడి కూచుండాది! నీ కండ్లు యాడ పెట్టుకోని కలిపితివి?"

డాక్టరు అహోబలరావు చెప్పులు వేసుకుని నేరుగా ఇంటికి వచ్చాడు. అవ్వ కండ్లు చూశాడు, నాడి చూశాడు.

"క్వినైను ఎక్కువైంది. భయం లేదు, నాలుగు రోజుల్లో వినికిడి తిరిగి వస్తుంది. మందు ఎట్లా ఇచ్చినారమ్మా?"

"కాగితం మీద ఉన్నట్లే ఇస్తిమి సామీ," అంది మద్దమ్మ. "పూటకి ఒక పల్లు. మూడు పూటలు."

"మిగిలిన మందు ఏది?"

మద్దమ్మ కూతురి వైపు చూసింది. డాక్టరూ చూశాడు.

"అవ్వ కక్కుకుంటాంటే భయపడి పారబోస్తి," అంది సోమక్క.

అబద్ధం ఎంత తేలికగా వచ్చిందంటే, అది తన నోటి నుంచే వచ్చిందని ఆమెకు క్షణం తరువాత గానీ తెలియలేదు. ఒలకబోసిన సంగతి దాచడానికి చెప్పిన మాట అది. ఇంకేదైనా దాస్తున్నానని ఆమెకు తెలియదు. డాక్టరు తల ఊపాడు. ఇంక తెలుసుకోవలసినది ఏమీ మిగలలేదు: ఇచ్చినవాళ్లు సరిగా ఇచ్చారు, కాబట్టి కలిపినవాడు సరిగా కలపలేదు.

బుధవారం దవాఖానాకు వచ్చినవాళ్లు ఆరుగురు. గురువారం ఇద్దరు. మిగిలినవాళ్లు హకీము దగ్గర ఆకుమందు నమిలారు, లేదా ఇంట్లోనే వణికారు. హనుమన్న పెండ్లానికి అదే చేతి మందుతో, అదే వారంలో జ్వరం తగ్గింది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. నయమైన మనిషి గురించి వీధికి చెప్పుకోవలసినది ఉండదు. బొజ్జన్న మాత్రం బజ్జీలు దేవుతూ ప్రతివాణ్ణీ అడిగేవాడు: "ఏమప్పా, వినపడతాందా? కంపౌండరు మందు తాగలేదు గదా నువ్వు?"

జ్ఞానరాజు రోజూ సాయంత్రం వచ్చి అవ్వను చూసేవాడు. లోపలికి రాకుండా గడప అవతల అరుగు మీద కూర్చునేవాడు. అవ్వ అతని మీద కోపం పెట్టుకోలేదు.

"ఏమప్పా రాజూ! నీ పుణ్యాన కోడలి మాటలు వినే బాధ తప్పె నాకు!" అని వీధంతా వినపడేటట్టు అరిచేది.

అతడు నవ్వేవాడు కాదు. బుధవారం సాయంత్రం సోమక్కను ఒక్క ప్రశ్న అడిగాడు.

"పాపా, పూటకి ఒక పల్లేనా?"

"ఒక పల్లే సార్."

అది నిజం. అతడు తల ఊపి, కుడిచేతిని తొడ మీద పెట్టుకుని చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. తనను ఇరవై ఏండ్లు మోసిన గుర్రం ఉన్నట్టుండి తన్నితే, దానికి కోపం కాదు, జబ్బు ఏదో ఉందని వెతికేవాడు అలా చూస్తాడు.

సోమక్కకు ఆ చూపు నచ్చలేదు. తనకు తెలిసిన లెక్క ప్రకారం అవ్వ సగం మందే తాగింది. సగం మందుకే చెవులు పోయాయంటే, కంపౌండరు ఎంత ఎక్కువ కలిపి ఉండాలి? ఆ ఆలోచన ఆమెకు ఊరటనివ్వాలి. ఇవ్వలేదు. ఆ చెయ్యి తప్పు చేస్తుందని ఆమెకు నమ్మకం కుదరలేదు. ఆ చేతిని ఆమె చూసినంతగా ఆ వీధిలో ఎవరూ చూడలేదు.

శుక్రవారం కిటికీ దగ్గరికి పోయింది. ఎవరూ లేరు. లోపల డాక్టరు గొంతు వినిపించింది.

"నువ్వు తప్పు చేసినావని నేను అనలేదు జ్ఞానరాజూ."

"నేనే అంటాండా అయ్యా."

"ఎక్కువ వేసినట్టు గుర్తుందా నీకు?"

"లేదు. గుర్తుండింటే ఇంత భయం లేదు. ఆ పొద్దు పరధ్యానంగా ఉంటి, ఫలానా చోట తప్పింది అనుకోని, ఇంగ జాగర్త పడుదును. ఏమీ గుర్తు లేకుండా చెయ్యి తప్పిందంటే, రేపు ఇంగొకరికి తప్పదని మీకెట్ల చెప్పేది?"

డాక్టరు ఉండమని చెప్పి ఉంటే బాగుండేది. చెప్పనిది మనసు లేక కాదు, ధైర్యం చాలక.

"ఆదివారం బస్సుకు పోతా అయ్యా. జమ్మలమడుగులో అమ్మ ఉండాది. సీసాలు కడిగే పని ఎట్లాగూ వచ్చు గదా."

సోమక్క చప్పుడు కాకుండా వెనక్కి వచ్చింది.

శనివారం పొద్దున మద్దమ్మ ఆమెను బెల్లానికి పంపింది. వెంకటేశ్వరమ్మ అంగడిలో హనుమన్న నూనె పోయించుకుంటున్నాడు. ఆమె పావుతో కొలిచి అతని ఇత్తడి గిన్నెలో పోసింది. హనుమన్న గిన్నె వంచి చూశాడు.

"ఏంది పెద్దమ్మా, అడుక్కు అంటుకోనుండాది! ఇది పావు నూనేనా?"

"దబర మాదిరి అంత వెడల్పు గిన్నె తెచ్చి, ఎత్తు రాలేదని నన్నంటావా? మీ ఇంట్లో నా పన్నీరు బుడ్డి ఉండాదే, మీయామె ఇంకా తెచ్చియ్యలేదు, దాన్ని తీసుకరా. ఈ నూనే దాంట్లో పోస్తా. గొంతుదాంక వస్తుంది, చూసుకోని మురుస్తువు!"

ఆ మాటల్లో కొత్తదేమీ లేదు. నూనె, నీళ్లు, గంజి, ఏది ఎందులో పోస్తే ఎంత ఎత్తు వస్తుందో సోమక్కకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. అది తన సంగతి అని మాత్రం అప్పటివరకూ తెలియదు. బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడిపోయింది. కండ్ల ముందు ఒక తెల్ల పట్టీ పన్నీరు బుడ్డికి ఆనుతోంది, గోరు నొక్కుతోంది, అక్కడికి తుంచుతోంది. అది అలవాటు కాదు. కొలత అదే. తక్కినదంతా కత్తెర పని.

"మే! బెల్లం వద్దా ఏంది?"

సోమక్క అప్పటికే పరిగెత్తింది.

గూట్లోంచి ఆముదం సీసా తీస్తుంటే అవ్వ మంచం మీంచి అడిగింది. ముందు రోజు నుంచి ఆమెకు మాటలు వినపడుతున్నాయి. "యాడికే ఆముదం తీసుకపోతాండావు? ఎవురికి కడుపునొప్పి?"

"నాకు," అంది సోమక్క.

దవాఖానా వెనుక గదిలో జ్ఞానరాజు అరలన్నీ తుడిచి, జాడీల మీది పేర్లు ముందుకు తిరిగేటట్టు పేరుస్తున్నాడు. తన తరువాత వచ్చేవాడికి వెతుకులాట ఉండకూడదని. కిటికీ అంచు మీద ఆముదం సీసా కనిపించగానే చెయ్యి చాచి తోసెయ్యబోయి, ఆగాడు. దాని మీద ఆరు పళ్ల కాగితం ఉంది.

"ఇది యాడిది?"

"అవ్వ మందుది సార్. పన్నీరు బుడ్డి పెద్దమ్మ అడిగిందని, నేనే దీంట్లోకి వంచి, కాగితం ఊడదీసి అంటిస్తి."

అతడు మెడ వంచలేదు. నిటారుగా నిలబడటం వల్ల ముఖం కిటికీ పైన మరుగైపోయింది. చేతులు మాత్రం కనిపించాయి.

"మందు యాడిదాంక వచ్చింది?"

సోమక్క మూడో పల్లు మీద వేలు పెట్టింది.

"తక్కింది పారబోసింది అబద్ధం సార్. మూడు పూటలకే అయిపాయ. నేను ఒలకబోసినా అనుకుంటి. సగం పాయ అనుకుంటి. భయమాయ."

చేతులు సీసాను ఒక్కసారి చుట్టూ తిప్పాయి. తరువాత లోపలి నుంచి గొంతు వినిపించింది: "అయ్యా, ఒకసారి ఈడికి రండి."

డాక్టరు వచ్చి చూశాడు. ఆముదం వంచేసి, కాగితం తడవకుండా సీసా లోపల కడిగించాడు. పన్నీరు బుడ్డి కోసం కబురు పోయింది. హనుమన్న ఇంటి నుంచి అది అంగడికి చేరింది. దాన్ని ఇంకెవరి చేతికీ ఇవ్వకుండా వెంకటేశ్వరమ్మే, ఏడాదికి రెండుసార్లు కూడా బల్ల దిగని మనిషి, కుంటుకుంటూ తెచ్చింది. వెనుక బొజ్జన్న, హోటలు ముందు కూర్చునేవాళ్లందరూ. జ్ఞానరాజు ఆరు పూటలకు సరిపడా నీళ్లు కొలిచి పన్నీరు బుడ్డిలో పోశాడు. కొత్త పట్టీ ఆనించి, తుంచి, కోసి, అంటించాడు. నీళ్లు ఆరో పల్లు కొసకు సరిగ్గా నిలిచాయి. అవే నీళ్లను ఆముదం సీసాలోకి వంచాడు. మూడో పల్లు దగ్గర ఆగాయి.

"ఓరి!" అన్నాడు బొజ్జన్న. "అంటే ముసిల్ది పూటకి రెండు పూటల మందు తాగిండాది! తాగి, ఆ నోరు వేసుకోని బతికిండాది! ఇంగ యముడు వచ్చినా ఏం చేస్తాడు?"

"వంచుకోమని చెప్పింది నేనే," అంది వెంకటేశ్వరమ్మ. "పాపను ఎవురూ ఏమీ అనొద్దండి."

డాక్టరు కండ్లజోడు తీసి తుడిచాడు. "సోమవారం మామూలుగా చూద్దాం జ్ఞానరాజూ," అని ముందు గదిలోకి పోయాడు. అంతకుమించి ఆయన ఆ రోజు గానీ, ఆ తరువాత గానీ చెప్పలేదు.

అందరూ పోయాక జ్ఞానరాజు గది బయటికి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఇప్పుడు అతని ముఖం సోమక్క ముఖానికి సమంగా ఉంది. అక్కడ సంతోషం ఉంటుందని ఆమె అనుకుంది. లేదు.

"నాలుగు దినాలు," అన్నాడు. "నాలుగు దినాలు నా చెయ్యిని నేను చూసుకుంటా కూచుంటి. అన్నం కలుపుకోను కూడా భయమాయ నాకు. తెలుసునా నీకు? మందు మూడు పూటలకే అయిపాయ సార్, అని ఒక్క మాట చెప్పింటే, ఆ పొద్దే తెలిసిపోతుండె గదా."

సోమక్క ఏడ్చింది. అతడు ఊరుకోబెట్టలేదు. ఆముదం సీసాను ఎత్తి, ఆమె అంటించిన పాత పట్టీ అంచు మీద బొటనవేలితో కింది నుంచి పైకి రాశాడు. వెలుతురుకు పట్టి చూశాడు.

"వంకర లేదు," అన్నాడు. "బుడగ కూడా లేదు. ఎవురు నేర్పినారు నీకు?"

"చూసి నేర్చుకుంటి."

"సగం చూసినావు," అని సీసా ఆమె చేతికిచ్చాడు.

సాయంత్రం పెద్ద ఈరన్న వచ్చాడు. తలగుడ్డ తీసి భుజం మీద వేసుకుని, నీలిరంగు తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు. క్షమించమనడం ఆ నోటికి అలవాటు లేదు.

"రాజప్పా, రేపు నీ పెట్టె బస్సు కాడికి చేర్చేకి బండి కట్టల్ల అనుకుంటి. ఇంగ కట్టను లే," అని తిరిగి చూడకుండా పోయాడు. మరునాడు జ్ఞానరాజు బస్సెక్కాడు. ఆదోనిలో దిగి, సాయంత్రానికి తిరిగి వచ్చాడు.

అతడు ఆ వీధిలో ఇంకా అయిదేండ్లు ఉన్నాడు. డాక్టరు పోయి, నీలిరంగు తలుపు మూతపడ్డాక జమ్మలమడుగు వెళ్లిపోయాడు. ఆ అయిదేండ్లూ కిటికీ లోంచి సీసా ఇచ్చిన ప్రతిసారీ, ఇచ్చేముందు, "బుడ్డి మార్చొద్దు" అనేవాడు. వీధికి అది ఆటయింది. బొజ్జన్న ఉగ్గాని ఆకులో పెట్టి ఇస్తూ "ఆకు మార్చొద్దప్పా" అనేవాడు. రెండు మూడు ఇండ్లవాళ్లు మాత్రం అతణ్ణి చివరివరకూ తిరిగి నమ్మలేదు. చెడ్డమాట నడిచినంత దూరం దిద్దుబాటు నడవదు. జ్ఞానరాజు వాళ్లను గురించి ఏమీ అనలేదు. మంచివాడు కావడం వల్లనో, అది కూడా ఒక రకం గర్వమో, సోమక్క ఈ వయసుకు కూడా తేల్చుకోలేదు. ఆమెకు తెలిసినదల్లా, ఆ శనివారం తరువాత ఆ చెయ్యి మళ్లీ తనను తాను చూసుకోవడం మానేసిందని.

ఆ ఏడే కార్తీకంలో అవ్వకు దగ్గు పట్టుకుంది. సోమక్క పన్నీరు బుడ్డి పట్టుకుని పోయింది.

"ఎన్ని నీళ్లు?"

"నాలుగు."

జ్ఞానరాజు వాసన చూసి, మందు పోసి, బిరడా పెట్టాడు. తెల్ల పట్టీ తీశాడు. ఎప్పటిలాగా ఆనించలేదు. బుడ్డినీ పట్టీనీ రెండింటినీ కిటికీ అంచు మీద పెట్టి ముందుకు జరిపాడు.

"ఆనించు," అన్నాడు.

సోమక్క పట్టీ కింది కొసను బుడ్డి అడుగుకు చేర్చి, నిలువుగా పట్టుకుని, మందు నిలిచిన చోట గోటితో నొక్కింది. అతడు మెడ వంచి, కన్ను ఆ గీతకు సమంగా తెచ్చి చూశాడు. బాగుందని అనలేదు. కాగితం తీసుకుని, ఆమె గోరు పడిన చోటికే తుంచాడు.

బుడ్డిని రెండు చేతులా పట్టుకుని ఆమె వీధిలో నడుస్తుండగా ఇనుప కడ్డీ బల్ల మీద టంగుమంది.

"మే సోమక్కా! ఆ బుడ్డి రేపు పొద్దునకు కావల్ల నాకు!"

సోమక్క నిలబడలేదు, నడక కూడా తగ్గించలేదు.

"రెండు దినాలు ఆగల్ల పెద్దమ్మా," అంది. "అవ్వ తాగి అయిపోయినంకనే."

వెంకటేశ్వరమ్మ కడ్డీని ఎత్తి పట్టుకుని ఏదో అనబోయింది. చివరికి ఆ కడ్డీతోనే చింతపండు కుండను దగ్గరికి లాక్కుంది.